తొమ్మిదో తరగతిలో ఫ్రెంచా, స్పానిషా? తిరుపతిలో ఉండి ఏది సాగుతుంది?

అలిపిరి_మెట్టు

అందరికీ నమస్కారం. పాప వచ్చే ఏడు తొమ్మిదిలోకి వస్తుంది, సీబీఎస్‌ఈ. బడిలో ఫ్రెంచ్ ఉంది, వారానికి 4 పీరియడ్లు. పాపకేమో స్పానిష్ మీద మనసు. ఊళ్లో నేర్పేవాళ్లు దొరకలేదు, ఆన్‌లైన్లోనే చెప్పించాలి. మార్కుల సంగతి అటుంచి, నిజంగా నోరు తిరగాలంటే మన పిల్లలకు రెండిట్లో ఏది తేలిక? రెండూ ఒకేసారి మొదలుపెడితే ఏమవుతుంది? సర్టిఫికెట్ పరీక్ష రాయాలంటే ఇక్కడి నుంచి ఎక్కడికి పోవాలి? "ఇంగ్లీషొస్తే చాల్లే" అనే సలహా మాత్రం వద్దండీ, అది ఇంట్లోనే బోలెడు దొరుకుతోంది.

చాక్‌పీసు_పొడి

ముందు బడి సంగతి తేల్చుకోండి. తొమ్మిదిలో నమోదైన సబ్జెక్టులే పదిలో రాయాలి, మధ్యలో మార్చుకోవడం కష్టం. జాతీయ విద్యా విధానం 2020 మూడు భాషల్లో కనీసం రెండు భారతీయ భాషలై ఉండాలంటుంది, ఇంగ్లీషు ఆ రెండిట్లోకి రాదు. కాబట్టి ఫ్రెంచ్ దేని బదులు వస్తోంది, చివరికి మార్కుల జాబితాలో ఏ భాషలు పడతాయి అన్నది నోటిమాటగా కాకుండా కాగితం మీద అడగండి. ఫ్రెంచ్ కోడ్ 018, మన రాష్ట్రం తెలుగు 007. రిజిస్ట్రేషన్ ఫారంలో పేర్లు కాదు, ఈ అంకెలు చూడండి.

ఇక గంటల లెక్క. 40 నిమిషాల పీరియడ్లు నాలుగు, ఏడాదిలో 32 వారాలు నిజంగా జరిగితే 85 గంటలు. రెండేళ్లకు 170. యూరప్ భాషల కొలమానంలో మొదటి మెట్టైన ఏ1 స్థాయికి సుమారు 80 నుంచి 100 గంటలు, దాని పైదైన ఏ2కు మొత్తం 200 దాకా అంటారు కాబట్టి పదో తరగతి అయ్యేసరికి పిల్ల ఏ2 అంచుల్లో ఉండాలి. ఉండదు. ఎందుకంటే బోర్డు రాతపరీక్ష 80 మార్కుల్లో వినడం లేదు, మాట్లాడడం లేదు, అన్నిటికంటే పెద్ద ముక్క వ్యాకరణానిది. తరగతి గంటలన్నీ అటే పోతాయి. 95 తెచ్చుకున్న పిల్లను కూడా మామూలు వేగంలో "పేరేంటి, ఏ ఊరు" అని అడిగితే బిక్కమొహం వేస్తుంది.

నోటి దగ్గర ఫ్రెంచ్ మనల్ని మూడు చోట్ల పట్టుకుంటుంది.

ఒకటి, తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి, ఫ్రెంచ్‌లో రాసిన చివరి అక్షరాలు సగం పలకరు. "మాట్లాడు" అనే క్రియకు నేను, నువ్వు, వాడు, వాళ్లు అని నాలుగు రూపాలు కలిపి మూడు స్పెల్లింగులుంటాయి, పలుకు మాత్రం ఒక్కటే: పార్ల్. మన పిల్లలు పార్లె అనో పార్లు అనో తోక తగిలిస్తారు.

రెండు, ముక్కుతో పలికే అచ్చులు. మనం సున్నా చూడగానే న్ అనో మ్ అనో మూసేస్తాం. అక్కడ కావలసింది నిండుసున్నా కాదు, అరసున్నా. "మంచి" అనే మాట బోఁ. నాలుక కొన పైకి తగిలి బోన్ అయిందా, అది స్త్రీలింగ రూపమైపోతుంది. అద్దం ముందు నోరు తెరిచి, నాలుక కింద పళ్ల దగ్గరే ఉందో లేదో చూసుకుంటూ చెప్పించండి.

మూడోది "తు" (నువ్వు) లోని అచ్చు. "ఈ" అంటూ నాలుక కదల్చకుండా పెదాలు మాత్రం "ఊ"కి చుట్టినట్టు చుట్టాలి. నాలుక వెనక్కి జారితే "తూ" అవుతుంది, దానర్థం "అంతా".

ఒక చోట మాత్రం మనకు కలిసొస్తుంది. విడిగా ఉన్నప్పుడు వినపడని హల్లు, పక్కన అచ్చు రాగానే బయటపడుతుంది: లె, ఆమి కలిస్తే లెజామి, "స్నేహితులు". తెలుగులో సంధులు, ద్రుతం చదివిన పిల్లకు ఇది వింతేమీ కాదు.

పలమనేరు_సంత

నా ఓటు స్పానిష్‌కే అన్నా. అచ్చులు అయిదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. రాసిందాన్ని చూసి చదివేయొచ్చు. తప్పు యాడొస్తాదంటే, ఇంగ్లీషు బడి అలవాటుకు "టి" కనపడగానే ట అంటారు, "డి" కనపడగానే డ అంటారు. స్పానిష్‌లో అవి మన త, ద. నువ్వు అనేదానికి తూ అనాల, టూ కాదు. పెరో అంటే "కానీ", పెర్రో అంటే "కుక్క". గుర్రంలో ర్ర పలికే పిల్లకు అది సగం వచ్చినట్టే, ఇంకాస్త ఆడించాల. "హెచ్" రాస్తారు, పలకరు: ఓలా. నీఞో (పిల్లోడు) లో ఞ తమిళం ఇనే మన చిత్తూరు పక్క పిల్లోళ్లకు పనే కాదు. ఇంకోటి, "ఎస్" పక్కన హల్లుతో మాట మొదలుకాదు, ముందర ఎ చేరుతాది: ఎస్కువేలా (బడి), ఎస్తాసియోన్ (స్టేషను). మన పెద్దోళ్లు ఇస్కూలు అన్నట్టే. పాపకు చెప్పండి, అవ్వను ఎక్కిరించడం మానేస్తాది.

వ్యాకరణంలో తెలుగు ఇంకా బాగా అక్కరకొస్తాది, కానీ ఎవరూ వాడుకోరు, అన్నీ ఇంగ్లీషు మీదగానే నేర్పిస్తారు. ఆబ్లో అంటే "మాట్లాడతాను". "నేను" చెప్పబన్లేదు, క్రియ తోకలోనే ఉండాది, మన మాదిరే. ఫ్రెంచ్‌లో ఆ "నేను" లేకపోతే వాక్యమే నిలబడదు. "నాకు మామిడిపండు ఇష్టం" అంటే మే గుస్తా ఎల్ మాంగో. "నాకు"కి మే, సరిగ్గా అతుకుతాది. పండ్లు ఎక్కువైతే క్రియ పండ్లను బట్టి మారాల: మే గుస్తాన్ లోస్ మాంగోస్. ఇంగ్లీషు మీదగా పోయినోళ్లు "యో గుస్తో" అని రాసి మార్కులు పోగొట్టుకుంటారు. తలనొప్పికీ అంతే: మే దువేలే లా కబేసా. ఆకలి కాడ మాత్రం ఈ ఒరస చెల్లదు. తెంగో ఆంబ్రే అంటారు, అంటే ఆకలిని కలిగి ఉండాననే లెక్క.

"ఉండు" అనేదానికి రెండు క్రియలు, సేర్, ఎస్తార్. అందరూ ఈడే ఇరుక్కుంటారు. తెలుగులో క్రియే లేని వాక్యానికి ("ఆయన డాక్టరు") సేర్. ఎక్కడుండాడో చెప్పే వాక్యానికి ("ఇంట్లో ఉండాడు") ఎస్తార్. ఈ రెండిటికీ తెలుగు ఒరస బాగా పనిచేస్తాది. "-గా ఉంది" అనే వాక్యాల్లోనే మోసం. "పొడుగ్గా ఉంది" మనిషి తీరు, అది సేర్. "అలసటగా ఉంది" ఇప్పటి స్థితి, అది ఎస్తార్. అవి విడిగా ఒక పేజీ రాసి పెట్టుకోవాల్సిందే.

మీ పేరు చూసి ఈ పోలిక గుర్తొచ్చింది. ఫ్రెంచ్ అలిపిరి నుంచి గాలిగోపురం దాకా ఉండే మెట్ల మాదిరి, మొదట్లోనే రొప్పు. స్పానిష్ గాలిగోపురం దాటినాక వచ్చే సదునైన దారి. కాకపోతే దాని మోకాళ్ల పర్వతం ఏడో నెలలో వస్తాది: భూతకాలాలు రెండు, వాటెనక సబ్జంక్టివ్ (కోరిక, అనుమానం లాంటివి చెప్పే క్రియారూపం).

వడమాలపేట_పాసింజరు

రెండూ ఒకే ఏడు వద్దు. బరువవుతుందని కాదు, ఒకేలా కనిపించి వేరే అర్థమొచ్చే మాటల వల్ల. సలీర్ స్పానిష్‌లో బయటికి వెళ్లడం, అవే అక్షరాలకు ఫ్రెంచ్‌లో మురికి చేయడం. సుబీర్ ఇక్కడ ఎక్కడం, అక్కడ భరించడం. స్పానిష్ ఎంతెందేర్ అర్థం చేసుకోవడం, ఫ్రెంచ్ ఆఁతాఁద్ర్ వినడం. "వై" అక్షరం ఒక్కటే ఉంటే స్పానిష్‌లో "మరియు", ఫ్రెంచ్‌లో "అక్కడ". లింగాలూ తిరగబడతాయి: పాలు, ఉప్పు స్పానిష్‌లో స్త్రీలింగం, ఫ్రెంచ్‌లో పుంలింగం. మొదటిది ఏ2 దాటి గట్టిపడ్డాక రెండోది పట్టుకుంటే ఇదే పోలిక సాయం చేస్తుంది, సగం మాటలు ముందే తెలిసినట్టుంటాయి.

ఏ భాషైనా నామవాచకాన్ని ఒంటరిగా రాసుకోనివ్వకండి. ముందు ఎల్/లా, లె/లా పెట్టే రాయాలి. చివర ఓ ఉంటే పుంలింగం, ఆ ఉంటే స్త్రీలింగం అని స్పానిష్‌లో ధీమాగా పోతే ఎల్ ప్రోబ్లేమా, ఎల్ దీయా, లా మానో దగ్గర బోల్తా పడతారు.

అలిపిరి_మెట్టు

చాలా ఉపయోగం, అందరికీ ధన్యవాదాలు. బడి ఉంది కాబట్టి ఫ్రెంచే ఖాయం చేసేలా ఉన్నాం, స్పానిష్ ఇంటర్ అయ్యాక చూస్తాం. మరి ఇంట్లో వినడం ఎలా చేయించాలి? నాకు ఒక్క ముక్క రాదు.

చాక్‌పీసు_పొడి

మీకు రాకపోవడమే నయం, మధ్యలో జవాబు అందించరు.

రోజుకు 25 నిమిషాలు చాలు, కానీ రోజూ. తీవీ5మోంద్ అనే ఫ్రెంచ్ టీవీ వాళ్ల నేర్చుకునే సైట్లో ఏ1 నుంచి స్థాయిల వారీగా వీడియో అభ్యాసాలు ఉచితంగా ఉన్నాయి. అందులోంచి 15, 20 సెకన్ల ముక్క తీసుకోండి, రాతప్రతి ఉన్నదే ఎంచుకోండి. మొదటిసారి పెన్ను పట్టుకోకుండా వినాలి, ఎవరు ఎవరితో ఎక్కడ మాట్లాడుతున్నారో తెలుగులో చెప్పాలి. రెండోసారి వాక్యం వాక్యం ఆపుతూ రాయాలి. మూడోసారి ఆపకుండా వింటూ ఖాళీలు పూరించాలి. అప్పుడు రాతప్రతి తెరిచి ఎర్ర పెన్నుతో దిద్దుకోవాలి. తప్పులు రెండు రకాలు, పక్కపక్కన రెండు గుర్తులు పెట్టించండి. వినపడక తప్పిందా, వినపడి స్పెల్లింగు తప్పిందా? మొదటివి ఎక్కువైతే ముక్క ఇంకా చిన్నది చేయండి. రెండోవి ఎక్కువైతే బెంగ లేదు, చెవి పడుతోంది. చివరి 5 నిమిషాలు అదే ముక్కను గొంతు కలిపి చదివి ఫోన్లో రికార్డు చేయాలి.

అంకెలకు విడిగా వారం పెట్టండి. ఫోన్ నంబరు మనం ఒక్కో అంకె చెబుతాం, ఫ్రెంచివాళ్లు 10 అంకెలను ఐదు జతలుగా చెబుతారు. 78 అనాలంటే అరవై-పద్దెనిమిది, 80 అంటే నాలుగు-ఇరవైలు, 97 అంటే నాలుగు-ఇరవై-పదిహేడు. "సువసాఁత్" వినగానే పిల్లలు 6 రాసేస్తారు, తర్వాత "దీజ్విత్" వస్తుంది, కొట్టేసి 7 రాసేలోపు తర్వాతి జత దాటిపోతుంది. అరవై అని, నాలుగు-ఇరవై అని వినపడితే ఒక్క క్షణం పెన్ను ఆపడం అలవాటు చేయాలి. రోజూ 10 నంబర్లు చదివే యాప్ ఏదైనా సరే.

రేణిగుంట_ప్లాట్‌ఫారం

పరీక్ష ప్రశ్న మిగిలిపోయింది కదా. ఫ్రెంచ్‌కు డెల్ఫ్. బడి వయసు పిల్లలకు జూనియర్ అని ఉంది, డిప్లొమా విలువ పెద్దవాళ్లదే, అంశాలే పిల్లలవి. మనకు దగ్గర చెన్నై, నుంగంబాక్కంలో కాలేజీ రోడ్డు మీద ఆలియాఁస్ ఫ్రాఁసేజ్ అనే ఫ్రెంచ్ భాషా సంస్థ. హైదరాబాదులోనూ ఉంది. చెన్నై సుమారు 140 కి.మీ., ఉదయం రైలుకు పోయి రావచ్చు, కానీ రాతపరీక్ష, మౌఖికం ఒకే రోజు పడకపోవచ్చు. తేదీలు వచ్చాకే టికెట్లు చేయించండి.

నాలుగు భాగాలు, ఒక్కోటి 25 మార్కులు. పాస్‌కు 100కి 50, ఏ భాగంలోనూ 5 కంటే తగ్గకూడదు. అంటే వినడంలో 7 వచ్చినా మిగతావి ఆదుకుంటాయి. స్పానిష్ పరీక్ష డెలె అలా ఆదుకోదు. ఏ1లో చదవడం-రాయడం ఒక జట్టు, వినడం-మాట్లాడడం ఇంకో జట్టు, ఒక్కో జట్టులో 50కి 30 రావాలి. దాన్ని నడిపే ఇన్‌స్తితూతో సెర్వాంతెస్ ఢిల్లీలో ఉంది, దగ్గరి కేంద్రం ఏదో ఆ విడత ప్రకటనలోనే చూసుకోవాలి. 11 నుంచి 17 ఏళ్ల పిల్లలకు విడిగా ఎస్కొలార్ పరీక్ష ఉంది. డెల్ఫ్, డెలె రెండూ జీవితాంతం చెల్లుతాయి. డెల్ఫ్‌లో ఏ1 రాయకుండా నేరుగా ఏ2 రాయొచ్చు. వినడం గట్టిగా ఉంటే అదే మేలు, ఒక ఫీజు, ఒక ప్రయాణం మిగులుతాయి.

దరఖాస్తులో "నోఁ" అంటే ఇంటిపేరు, "ప్రెనోఁ" అంటే పెట్టిన పేరు. బడి రికార్డుల్లో మన ఇంటిపేరు పొట్టక్షరంగా ఉంటుంది, దాన్ని విప్పి, పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే రాయించండి. తిరగబడితే డిప్లొమా మీద కూడా అలాగే అచ్చవుతుంది.