అత్యవసర ప్రణాళికలో గూడేల లెక్క ఎక్కడ రాయాలి?

ప్రశ్న: ఏజెన్సీ వైద్యాధికారి
వానాకాలానికి ముందు మా పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) తరఫున వరదలు, అంటువ్యాధుల ప్రణాళిక పంపమన్నారు. నమూనా పత్రంలో మందుల నిల్వకు, అంబులెన్సుకు, ఫోను నంబర్లకు గడులున్నాయి కానీ, సాయం ఎవరికి అందకుండా పోయే ప్రమాదముందో రాయడానికి ఒక్క గడి కూడా లేదు. 2021 మే 1న 18–44 ఏళ్ల వారికి కొవిడ్ టీకా మొదలుపెట్టినప్పుడు ప్రభుత్వ వెబ్‌సైటు కొవిన్‌లో ముందస్తు నమోదును తప్పనిసరి చేశారు. ఫోనూ సిగ్నలూ లేనివారి సంగతేమిటని సుప్రీంకోర్టు ఆ నెల 31న ప్రశ్నించింది. మళ్లీ అదే పొరపాటు జరగకుండా నేనేం చేర్చాలి?

జవాబు 1: ఏఎన్ఎం (గ్రామాల్లో తిరిగే ఆరోగ్య కార్యకర్త)
డాక్టరు గారూ, అప్పట్లో ఓటీపీ కోసం మా గూడెం పిల్లలు ఫోను పట్టుకొని గుట్టెక్కేవారు. వాళ్లు దిగివచ్చేసరికి స్లాట్లు అయిపోయేవి. సంత రోజున, సంతలోనే బల్ల వేసుకొని కూర్చున్నాక జనం వచ్చారు. అయినా ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో గుడిసెలు వేసుకున్న గొత్తికోయ ఆదివాసీలు చాలామంది మా రిజిస్టరులోనే లేరు. ఆధార్ లేనివారికీ టీకా వేయవచ్చని కేంద్రం 2021 మేలోనే మార్గదర్శకాలిచ్చింది గానీ, ఆ మాట మా దాకా రావడానికే చాలా రోజులు పట్టింది.

జవాబు 2: గణాంక విభాగం ఉద్యోగి
పీహెచ్‌సీ మొత్తానికి ఒకే శాతం చూపించే పద్ధతిని ముందు మానుకోండి. రోడ్డు పక్క పెద్ద ఊళ్లలో అందరికీ టీకా పడితే చాలు, వాగు అవతలి నాలుగు గూడేల్లో ఒక్కరికీ పడకపోయినా నివేదిక బాగానే కనిపిస్తుంది. గూడెం గూడేనికీ వేర్వేరు వరుస పెట్టి, అందులో వాగు పొంగితే దారి ఉంటుందా, అక్కడివారు ఏ భాష మాట్లాడతారు, ఆశా కార్యకర్త ఆ గూడెం మనిషేనా అన్నవి రాయండి. ఆ గడులు నింపడం విసుగే, కాదనను.

జవాబు 3: విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకుడు
జాబితా మంచిదే కానీ, దాన్ని ఎప్పుడు వాడాలో కూడా అందులోనే రాయాలి. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. ప్రసవం దగ్గరపడిన గర్భిణులను, డయాలసిస్ రోగులను ఆ మూడో హెచ్చరిక దాకా ఉంచితే దారులు మునుగుతాయి. ఎవరిని ఏ హెచ్చరికకు కదిలించాలి, బండి ఎవరిది, ఆసుపత్రిలో గర్భిణితో ఉండే మనిషికి కూలి పోతే అన్నం ఎవరు పెడతారు అన్నవి ముందే తేల్చుకోవాలి. అన్నం మాట తేలక, బండి ఎక్కనని మొండికేసిన గర్భిణులను నేను చూశాను.

ప్రశ్నించినవారు
తోడు వచ్చేవారి భోజనం సంగతి నాకు తట్టనే లేదు. వచ్చే సంతకు గొత్తికోయ పెద్దలను కలిసి, వాళ్ల చేతనే వాళ్ల గుడిసెలను లెక్కపెట్టిస్తాను.