బాండ్లు కొన్న కంపెనీల పేర్లు నాసిరకం మందుల జాబితాలోంచి మాయమవుతున్నాయా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
మా వీధి వాట్సాప్ గ్రూపులో రెండ్రోజులుగా ఒక పట్టిక తిరుగుతోంది. ఎడమవైపు ఎన్నికల బాండ్లు (ఇచ్చినవాళ్ల పేరు బయటపడకుండా పార్టీలకి చందా ఇచ్చే పత్రాలు) కొన్న మందుల కంపెనీలు, కుడివైపు "నాసిరకం జాబితాలోంచి పేరు మాయం" అని. ఎవరు తయారుచేశారో లేదు. నిజం చెప్పొద్దూ, నాకు నమ్మాలనే ఉంది. అందుకే ముందు ఇక్కడ అడుగుతున్నా.

గుణుపురం కుర్రోడు:
అడగడానికేముంది అన్నా? 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు బాండ్లని కొట్టేసింది. మార్చి 14న ఎన్నికల సంఘం పేర్లు బయటపెట్టింది. వాటిలో మందుల కంపెనీలున్నాయి, పరీక్షల్లో తప్పినవాళ్లూ ఉన్నారని పేపర్లు రాశాయి. నిప్పు లేందే పొగ రాదు.

రాయగడ మందుల కొట్టు:
బాబూ, ఆ జాబితా ఎప్పుడైనా తెరిచి చూశావా? సీడీఎస్‌సీఓ (కేంద్ర మందుల నియంత్రణ సంస్థ) నెలనెలా సైటులో పెడుతుంది: మందు పేరు, బ్యాచ్ నంబరు, తయారీదారు, ఏ పరీక్షలో తప్పింది. అక్కడ పట్టుబడేది బ్యాచ్. వచ్చే నెల ఆ కంపెనీ పేరు లేకపోతే, ఆ నెల దాని బ్యాచ్ ఏదీ తప్పలేదనో, అసలు పరీక్షకే వెళ్లలేదనో. మీ పట్టికాయన రెండు నెలల జాబితాలు పక్కపక్కన పెట్టి "మాయం" అనేసినట్టున్నాడు.

గుణుపురం కుర్రోడు:
మరి 2024 ఆగస్టు జాబితా? పారాసిటమాల్ లాంటి ఇంటింటా ఉండే మందులే వచ్చాయి. కొన్ని కంపెనీలు "ఆ బ్యాచ్ మాది కాదు, నకిలీది" అని చేతులు దులుపుకున్నాయి.

రాయగడ మందుల కొట్టు:
నకిలీదే కావచ్చు కూడా. పేరున్న మందుకే కదా నకిలీ కొట్టేది. రిపోర్టు ఒప్పుకోనివాడికి 1940 నాటి మందుల చట్టంలోనే దారుంది. 28 రోజుల్లో ఆ మాట చెబితే, కోర్టు శాంపిల్‌ని కలకత్తా సెంట్రల్ ల్యాబ్‌కి పంపొచ్చు. ఆ ల్యాబ్ మాటే ఆఖరు.

జయపురం వకీలమ్మ:
ఇద్దరూ జాబితా చుట్టూనే తిరుగుతున్నారు. 2023 జన్ విశ్వాస్ చట్టం చూడండి. ఆ 1940 చట్టంలో నాసిరకం మందుల కేసులు పడే 27(డి) సెక్షన్‌ని డబ్బు కట్టి రాజీ చేసుకునేలా మార్చారు. చీకట్లో కాదు, పార్లమెంటులోనే. (కల్తీ, నకిలీ మందుల సెక్షన్లకి ఈ వెసులుబాటు ఇవ్వలేదు, అదీ చెప్పాలి.) డబ్బున్నవాడు జాబితాలో పేరు చెరిపించుకోవడానికి తంటాలు పడడమెందుకు? పేరు అక్కడే ఉన్నా వాడికి పోయేది అంతంతమాత్రం.

ఇక బాండ్లకీ ప్రభుత్వం చేసిపెట్టిన పనులకీ లంకె మీద ప్రత్యేక దర్యాప్తు బృందం వేయమన్న పిటిషన్లని 2024 ఆగస్టు 2న సుప్రీంకోర్టు కొట్టేసింది. మామూలు చట్టపు దారులున్నాయి కదా అంది. లంకె లేదని తేల్చలేదు, ఉందనీ అనలేదు. కాబట్టి "రుజువైపోయింది" అనేవాళ్లదీ తప్పే, "క్లీన్ చిట్" అనేవాళ్లదీ తప్పే.

గుణుపురం కుర్రోడు:
వకీలమ్మగారూ, మీరు చెప్పింది వింటే నాకు పట్టికే నయమనిపిస్తోంది 😀

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
నాకు కాలిన చోటు వేరు. అమ్మ బీపీ మాత్రలు. ఉండేది ఒడిశాలోని పర్లాకిమిడిలో, కొనేది పక్కనే ఆంధ్రాలోని పాతపట్నంలో. స్ట్రిప్పు అయిపోయాక ఆ బ్యాచ్ జాబితాలో కనబడింది. కొట్టతను "మాకే కబురూ రాలేదండీ" అన్నాడు. ఇక్కడ మందుల తనిఖీ ఆఫీసులో అడిగితే "కొన్నది ఆంధ్రాలో కదా". అక్కడడిగితే "తయారైంది ఇంకో రాష్ట్రంలో". అమ్మ మాత్రం రోజూ అదే వేసుకుంది.

రాయగడ మందుల కొట్టు:
మీ అమ్మగారి సంగతే అసలు సంగతి. శాంపిల్ తీసి, ల్యాబ్‌కి పంపి, జాబితాకెక్కేలోపు స్టాకు అమ్ముడైపోతుంది. డిస్ట్రిబ్యూటరు ఫోన్ చేస్తే మిగిలింది వెనక్కి పంపుతా. చెయ్యకపోతే నేనే సైటు చూడాలి. ప్రతి నెలా చూడను, ఒప్పుకుంటున్నా.

గుణుపురం కుర్రోడు:
కొట్టాయనే చూడకపోతే జనం ఏం నమ్ముతారు మరి? డబ్బు కథే నమ్ముతారు.

జయపురం వకీలమ్మ:
నమ్మనీ. కానీ ఆ పట్టికలో ఒక్క బ్యాచ్ నంబరైనా ఉందా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
లేదండీ, ఇప్పుడే చూశా. ఈ నెల జాబితా కూడా దించుకున్నా. అమ్మ కొత్త స్ట్రిప్పు మీద నంబరు సరిగ్గా కత్తిరించిన అంచున పడి సగం పోయింది. కొట్టాయనా, బిల్లులో బ్యాచ్ నంబరు రాస్తారా?

రాయగడ మందుల కొట్టు:
రాస్తాం. బిల్లు తీసుకున్నారా మరి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
లేదు.