దవడ పన్నుకు వెండిదా, తెల్లదా? ముగ్గురు డాక్టర్లు మూడు మాటలు

కూకట్‌పల్లి శీను
కింద కుడి వైపు దవడ పన్ను పుచ్చింది. సరిగ్గా పక్క పన్నుకు ఆనుకునే చోట. చల్లటిది తగిలితే జివ్వుమంటోంది, రాత్రుళ్లు మాత్రం నొప్పి లేదు. ఒక డాక్టరు వెండి ఫిల్లింగ్ వేయించుకో, మళ్లీ నా మొహం చూడక్కర్లేదన్నాడు. రెండో ఆవిడ వెండి ఇప్పుడెవరు వేస్తున్నారండీ, కాంపోజిట్ (పంటి రంగులో ఉండే రెసిన్) వేద్దాం అంది. మూడో చోట జీఐసీ (గ్లాస్ అయానమర్ సిమెంటు) చాలు, మిగతాదంతా డబ్బు దండగ అన్నారు. మా ఆరేళ్ల పాపకు కూడా పాలపన్నులో చిన్న గుంట పడింది. వేయించుకున్నవాళ్లు చెప్పండి. ఇంకో మాట, ఫిల్లింగ్‌కి ఇంజెక్షన్ తప్పదా? నాకు సూదంటే భయం. నవ్వకండి.

సకినాల సుజాత
తెల్లగా ఉంటుందని మురిసిపోకండి. సంక్రాంతికి పది రోజుల ముందు కాంపోజిట్ వేయించుకున్నాను. మొదటి సకినం కొరకగానే టక్కుమంది. బియ్యప్పిండిలో రాయి వచ్చిందనుకుని మా అత్తమ్మను ఓ మాట కూడా అన్నాను పాపం. ఉమ్మి చూస్తే ఫిల్లింగ్ ముక్క! రెండోసారి వేశాక విరగలేదు గానీ పక్క పన్నుకీ దీనికీ మధ్య సందు మిగిలిపోయింది. మటన్ తింటే పోగు ఇరుక్కుంటుంది, అరగంట నాలుకతో కుస్తీ. మీది కూడా పక్క పన్నుకు ఆనుకునే చోటే అంటున్నారు కాబట్టి చెప్తున్నాను. ఏది వేయించుకున్నా కుర్చీ దిగే ముందు ఫ్లాస్ పెట్టి చూపించమనండి. బిగుతుగా దిగాలి, టప్పుమని రావాలి.

రిటైర్డు లెక్కల మాస్టారు
నాది 1986లో వేసిన వెండి ఫిల్లింగ్. గవర్నమెంటు డెంటల్ కాలేజీలో స్టూడెంటు కుర్రాడు వేశాడు, వాళ్ల సారు పక్కన నిలబడి రెండుసార్లు గీకించి మళ్లీ పెట్టించాడు. ఆ రోజంతా ఆ వైపు నమలొద్దన్నారు, నమల్లేదు. ఇప్పటికీ చెరుకు ముక్క ఆ వైపే నములుతాను. ఒక్కటే ఇబ్బంది, మనవరాలి చాక్లెట్ రేకు పొరపాటున దానికి తగిలితే కరెంటు షాకు కొట్టినట్టుంటుంది.

మ్యూనిక్ మావయ్య
మాస్టారూ, మీ నోట్లో ఉన్నది వెండి కాదు, సగానికి సగం పాదరసం. యూరోపియన్ యూనియన్‌లో 2025 జనవరి 1 నుంచి తప్పనిసరి వైద్య అవసరమైతే తప్ప వేయకూడదు. మన దగ్గర ఇంకా పేదవాళ్లకు అదే అంటగడుతున్నారు.

రిటైర్డు లెక్కల మాస్టారు
పాదరసం నోట్లో పెట్టుకుని దాదాపు నలభై ఏళ్లు. పందొమ్మిదో ఎక్కం అడగండి, నిద్రలో లేపినా చెప్తాను.

మెటీరియల్ మూర్తి
ఇక్కడ అందరూ తోచింది రాస్తున్నారు. నేను పద్నాలుగేళ్లుగా క్లినిక్కులకు డెంటల్ మెటీరియల్ సప్లై చేస్తున్నాను. ఏ డాక్టరు ఏ ట్యూబు వాడతాడో నన్నడగండి. నానో కాంపోజిట్ ఒక్కటే దారి. వెండి పాతచింతకాయ పచ్చడి. జీఐసీ అంటారా, అది టెంపరరీ సిమెంటు, ఆర్నెల్లలో ఊడుతుంది.

ప్రవల్లిక బీడీఎస్
మూర్తి గారూ, ట్యూబు అమ్మడం వేరు, నోట్లో పెట్టడం వేరు. టెంపరరీ అంటే లవంగ నూనె వాసన వచ్చేది, జింక్ ఆక్సైడ్. జీఐసీ అది కాదు, పంటికి తనంతట తాను అంటుకునే మెటీరియల్. అయితే దవడ పన్నులో పెద్ద గుంటకు, అందులోనూ పక్క గోడ పోయినచోట, ఆ నమిలే బరువుకు అరిగిపోతుంది, విరుగుతుంది. చిగురు దగ్గర కోసుకుపోయిన చోట్లకూ, పాలపళ్లలో చిన్న గుంటలకూ బాగా పనికొస్తుంది. శీను గారి పాపకు బహుశా అదే వేస్తారు.

కాంపోజిట్‌కు మెటీరియల్ కంటే పన్నును తడి తగలకుండా పొడిగా ఉంచడం ముఖ్యం. యాసిడ్ జెల్ రాసి, కడిగి, బాండ్ (అంటించే జిగురు) పూసి, ఇంచుమించు రెండు మిల్లీమీటర్ల చొప్పున పొరలు వేస్తూ ఒక్కో పొరకూ నీలం లైటు పట్టాలి. బాండ్ పూశాక చుక్క ఉమ్మి తగిలినా మళ్లీ మొదటికి. వెండి కాస్త తడిని ఓర్చుకుంటుంది. కానీ సాదా వెండి పంటికి అంటుకోదు, కుండలా లోపల వెడల్పుగా చెక్కితేనే నిలుస్తుంది, అంటే మంచి పన్ను కూడా కొంత పోతుంది. సుజాత గారిది ఎందుకు విరిగిందో చూడకుండా చెప్పలేను.

మెటీరియల్ మూర్తి
మీలాంటి డాక్టర్లకు మెటీరియల్ ఎలా కలపాలో నేర్పింది మేమే మేడం.

బొంగరం
మూర్తి అన్నా, ట్యూబుకి కమీషన్ ఎంత?

నల్లగొండ బిడ్డ
ఒక్క నిమిషం. ఈ జీఐసీలోంచి ఫ్లోరైడ్ ఊరుతుందట కదా? దాన్ని చిన్నపిల్లల నోట్లో పెడతారా? మర్రిగూడ వైపు వచ్చి చూడండి ఫ్లోరైడ్ ఏం చేస్తుందో. నా పళ్లు చూస్తే నవ్వమని ఎవరూ అడగరు, పసుపు, గోధుమరంగు చారలు. మా పెద్దనాన్న నడుం వంగి నేల చూస్తూనే పోయాడు. నీళ్లలో అదే విషం, ఇప్పుడు డబ్బిచ్చి పంట్లో పెట్టించుకోవాలా?

ప్రవల్లిక బీడీఎస్
అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ పంటి మీద చారలు రావడానికి కారణం పళ్లు చిగురు లోపల తయారవుతున్న వయసులో, అంటే మొదటి ఏడెనిమిదేళ్లలో, రోజూ తాగిన నీళ్లు. ఫిల్లింగ్ నుంచి వచ్చేది చాలా కొద్ది. అది ఆ చుట్టుపక్కల పంటికి అందుతుంది.

నల్లగొండ బిడ్డ
కొద్దే అని మాకూ చెప్పారు. బోరు నీళ్లు తాగండి ఏం కాదన్నారు.

కనిగిరి కుర్రోడు
ఫ్లోరైడ్ అనగానే నల్లగొండేనా? 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బు గురించి రాశారు, మా దర్శి వైపు. మా ఊళ్ల పేరు ఎవరూ ఎత్తరు. మీకు భగీరథ నీళ్లన్నా వచ్చాయి.

నల్లగొండ బిడ్డ
వచ్చాయి, వంగిన నడుములు లేచాయా తమ్ముడూ? మునుగోడు వచ్చి మాట్లాడు.

కనిగిరి కుర్రోడు
నువ్వు కనిగిరి వచ్చి మాట్లాడన్నా. ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టి కూర్చుంటే తెలుస్తుంది.

బొంగరం
ఇద్దరి పళ్లూ ఒకే రంగు, కొట్లాట దేనికి?

నల్లగొండ బిడ్డ
నీకు జోకులుగా ఉందా? పెళ్లిచూపుల్లో నోరు మూసుకుని కూర్చున్నావా ఎప్పుడైనా?

బొంగరం
సారీ అన్నా.

కనిగిరి కుర్రోడు
పెళ్లిచూపుల మాట నిజమే. మా అక్క ఫొటోల్లో ఎక్కడా పళ్లు కనపడవు. ప్రవల్లిక గారూ, చారల పళ్లకు తెల్ల ఫిల్లింగ్ నిలుస్తుందా? ముందు పళ్లకు వేయించుకుంటే ఏడాదిలో అంచు లేచింది.

ప్రవల్లిక బీడీఎస్
ఫ్లోరోసిస్ ఎక్కువగా ఉన్న ఎనామెల్ మీద బాండ్ అంత గట్టిగా పట్టదు. యాసిడ్ ఎక్కువసేపు ఉంచడం, పైపొర కొద్దిగా గీకడం చేస్తారు. మీ ఊరు ముందే చెప్పండి డాక్టరుకు.

మ్యూనిక్ మావయ్య
పాదరసం సంగతి వదిలేశారు అందరూ. పాదరసం వాడకం తగ్గించే మినమాటా ఒప్పందంలో ఇండియా కూడా ఉంది. 2034 కల్లా వెండి ఫిల్లింగులు ఆపాలని 2025 నవంబరులో జెనీవాలో ఆ ఒప్పందంలోని దేశాలు ఒప్పుకున్నాయి. మాస్టారూ, ఆ ఫిల్లింగ్ వెంటనే పీకించేయండి.

ప్రవల్లిక బీడీఎస్
అయ్యో, పీకించొద్దు. గట్టిగా ఉన్న వెండిని డ్రిల్లు పెట్టి తీసేటప్పుడే పాదరసం ఆవిరి ఎక్కువగా వస్తుంది. కింద పుచ్చో, పగులో ఉంటే తప్ప కదపక్కర్లేదు. కొత్తగా వేయడమంటారా, గర్భిణులకూ చిన్నపిల్లలకూ వద్దనే అంటాం.

రిటైర్డు లెక్కల మాస్టారు
విన్నావా మావయ్యా. ఫిల్లింగ్ పీకించే సలహా జర్మనీ నుంచి ఇవ్వక్కర్లేదు. అసలు రోజూ వేపపుల్ల వేస్తే ఏ ఫిల్లింగూ అక్కర్లేదు.

బొంగరం
మరి మీకెందుకు పుచ్చింది మాస్టారూ?

రిటైర్డు లెక్కల మాస్టారు
హాస్టల్లో వేపచెట్టు లేదు నాయనా.

కూకట్‌పల్లి శీను
ఎక్కడెక్కడికో వెళ్లాం. రెండో ఆవిడ దగ్గరే కాంపోజిట్‌కు ఒప్పుకున్నాను. ఎక్స్‌రే తీసి నరం దాకా పోలేదు, రూట్ కెనాల్ అక్కర్లేదంది. ఉమ్మి తగలకుండా పంటి చుట్టూ రబ్బరు షీటు కడతారా అని అడిగితే ఒక్క క్షణం నన్ను ఎగాదిగా చూసి, కడతానంది. పాపకు జీఐసీ. రేపు పదకొండింటికి. ఇంజెక్షన్ సంగతి మాత్రం ఇంతమందిలో ఒక్కరూ చెప్పలేదు!

సకినాల సుజాత
నాకు ఇచ్చారు. సూది కంటే ముందు జెల్ రాస్తారు, చీమ కుట్టినట్టే ఉంటుంది. కానీ కడుపునిండా తినేసి వెళ్లండి. మధ్యాహ్నం దాకా సగం మూతి మొద్దుబారిపోతుంది. నేను తెలియక వేడి టీ తాగాను, సగం చీర మీదకే కారింది, మిగతా సగంతో పెదవి కాలిందని సాయంత్రానికి గానీ తెలియలేదు.