అప్‌డేట్: తమ్ముడు మళ్లీ షటిల్ ఆడుతున్నాడు

యాక్సిడెంట్‌లో మోకాలి పైదాకా కాలు తీసేశారు, మా తమ్ముడు మళ్లీ పోటీల్లో ఆడగలడా అని అడిగాను కదా. ఆడుతున్నాడండీ, గుంటూరు ఎన్టీఆర్ స్టేడియంలో.

పారా బ్యాడ్మింటన్‌లో రకరకాల కేటగిరీలుంటాయని మీలో ఒకరు చెప్పిందే దారి చూపింది. వాడు ఎస్ఎల్3లోకి (కాళ్ల లోపం ఎక్కువగా ఉన్నా నిలబడి ఆడేవాళ్ల కేటగిరీ) వస్తాడని కోచ్ గారి అంచనా. తేల్చేది మాత్రం క్లాసిఫికేషన్ వాళ్లే. ఇందులో సింగిల్స్ సగం కోర్టులోనే. సగమే కదా అని తేలిగ్గా తీసిపారేయకండి: పక్కలకి పరుగు తగ్గుతుంది గానీ ముందుకీ వెనక్కీ ఒకటే తిరుగుడు. వెనక్కి వెళ్లేటప్పుడే బ్యాలెన్స్ తప్పుతోంది.

అసలు గొడవంతా చెమటతో. మన గుంటూరు ఎండలు తెలిసినవే. కాసేపు ఆడగానే లైనర్ (కృత్రిమ కాలు పెట్టుకునే ముందు వేసుకునే మెత్తటి తొడుగు) లోపల చెమట చేరి ఆ కృత్రిమ కాలు జారుతుంది. గోడకి ఆనుకుని కూర్చుని, కాలు ఊడదీసి, లైనర్ తిరగేసి తుడిచి, మళ్లీ తొడుక్కుని లేస్తాడు. మొదట్లో అందరూ చూసేవాళ్లు, ఇప్పుడెవరూ పట్టించుకోరు. అమ్మ మాత్రం ఇంకా రాదు, చూడలేనంటుంది.

2024 పారిస్ పారాలింపిక్స్‌లో ఎస్ఎల్3 స్వర్ణం గెలిచిన నితేశ్ కుమార్ కాలు పోగొట్టుకుంది మన విశాఖలోనే, 2009లో రైలు ప్రమాదంలో. ఆ ఫైనల్ వీడియో వీడికి కంఠతా వచ్చేసింది!

వచ్చే టోర్నీకి పేరిచ్చాం. విజయవాడలో సాకెట్ (కృత్రిమ కాలిలో మిగిలిన కాలు దూరే పైభాగం) బాగా సరిచేసేవాళ్లు తెలిస్తే చెప్పండి, ప్రతిసారీ హైదరాబాద్ వెళ్లడం మావల్ల కావట్లేదు.