చెవికమ్మలు తీయకపోతే బాప్తిస్మం ఇవ్వకూడదా?

గోదావరి గట్టు:

అందరికీ వందనాలు. మా అన్నయ్య కూతురు ఈ నెలాఖరున బాప్తిస్మం తీసుకోవలసి ఉంది. ఆ రోజు నుంచి చెవులకు కమ్మలు ఉండకూడదనీ, ఆరాధనకు తెల్లచీరతోనే రావాలనీ మా సంఘ పెద్దలు షరతు పెట్టారు. అమ్మాయి విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తోంది. "తీసేయడానికి నాకేమీ బాధ లేదు బాబాయ్, కానీ సోమవారం ఆఫీసుకు వెళ్లేటప్పుడు మళ్లీ పెట్టుకుంటాను. ఆ సంగతి పెద్దలకు చెప్పాలా, వద్దా?" అని అడిగింది. నేను సమాధానం చెప్పలేకపోయాను.

ఎందుకంటే మా సంఘంలో ఆ పని చేసే ఆడపిల్లలు చాలామందే ఉన్నారు. మందిరం మెట్ల దగ్గర చెప్పులు విప్పుతూనే కమ్మలు కూడా తీసి, పర్సులోని చిన్న జిప్పు అరలో పడేసి, తలమీద ముసుగు సర్దుకుని లోపలికి వస్తారు. అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. వాళ్లకు లేని వేషధారణను నియమమే నేర్పుతోందని నా అభిప్రాయం. మీరేమంటారు?

పాత సంఘస్థుడు:

సహోదరా, నియమాన్ని తప్పుపట్టే ముందు అది ఎందుకు వచ్చిందో ఆలోచించండి. నాకు డెబ్బై దాటాయి. మా అమ్మ నాట్లకూ కలుపుకూ కూలికి వెళ్లేది. ఊళ్లో ఆమె ఎవరి అరుగు మీదా కూర్చోగలిగేది కాదు. ఆదివారం మాత్రం గంజి పెట్టి ఆరేసుకున్న నూలు తెల్లచీర కట్టుకుని, తాను ఎవరి పొలంలో నాట్లు వేసేదో ఆ ఇంటి కోడలి పక్కన, అదే చాప మీద కూర్చునేది. ఆ కోడలు కూడా తెల్లచీరతో, బోసి చెవులతో వచ్చేది. బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవాడికి మంచి చోటు చూపించి, మాసిన బట్టల పేదవాణ్ణి నిలబెట్టవద్దని యాకోబు రాసిన మాటను మా సంఘం అక్షరాలా పాటించడం నేను కళ్లారా చూశాను. సువార్తికులు భక్త్ సింగ్ గారు స్థాపించిన సహవాసాల ప్రభావంతో తెల్లబట్టలు మన ప్రాంతంలో ఎన్నో సంఘాలకు వ్యాపించినప్పుడు, మాలాంటి ఇళ్లకు అది కట్టుబాటుగా తోచలేదు, గౌరవంగా తోచింది. హృదయం ఒక్కటే చాలనుకుంటే ఆ కోడలు నగలన్నీ పెట్టుకునే వచ్చేది, మా అమ్మ వెనక వరుసలో కూర్చునేది.

తాలూకా టీచరు:

అన్నగారు చెప్పిన చాప ముచ్చట చదివి చాలాసేపు ఆలోచించాను. దాన్ని కాదనడానికి నాకు నోరు రాదు. అయినా వాక్యాన్ని వాక్యంగా చూడవలసి ఉంది. కమ్మలు తీయమనేవారందరూ చూపేది మొదటి పేతురు మూడవ అధ్యాయం. అక్కడ పేతురు "వెలుపటి అలంకారము" కింద మూడింటిని చెబుతాడు: జడలు అల్లుకోవడం, బంగారు నగలు పెట్టుకోవడం, వస్త్రాలు ధరించుకోవడం. నగల మాటను సంపూర్ణ నిషేధంగా తీసుకుంటే అదే వాక్యంలోని వస్త్రాలను ఏం చేద్దాం? జడల సంగతి ఏమిటి? మా సంఘంలో ఆడవాళ్లందరికీ జడలున్నాయి, ఎవరినీ విప్పుకోమనలేదు. పేతురు చెబుతున్నది నీ అందం దేని మీద నిలబడాలన్నదే తప్ప, ఏది పెట్టెలో దాచాలన్నది కాదు. తప్పిపోయిన కుమారుడు తిరిగివచ్చినప్పుడు తండ్రి వాడి చేతికి ఉంగరం పెట్టించిన సంగతీ సువార్తలోనే ఉంది.

పైగా ఈ నియమం ఆడవాళ్ల చెవుల దగ్గరే ఆగిపోతుంది. చెవిన అర గ్రాము ఉంటే లోకసంబంధులమట. అదే సంఘంలో పెళ్లి కుదిరితే ఇరవై కాసులు పెడతారా, ముప్పై పెడతారా అని పెద్దల సమక్షంలోనే మాట్లాడుకుంటారు. ఆ బంగారం లాకరులో ఉంటే పరిశుద్ధమైపోతుందా? తెల్లచీరలూ ఇప్పుడు ఒక్క తీరున లేవు. అన్నగారి అమ్మగారి నూలుచీరకూ ఇవాళ ముందు వరుసలో కనిపించే జరీ అంచు తెల్లచీరకూ రంగు తప్ప పోలిక లేదు.

పేరు చెప్పని పాఠకుడు:

ఈ వాదన మనతో మొదలైంది కాదు. 1606లో మదురై చేరిన ఇటలీ దేశపు జెసూట్ మిషనరీ రాబర్టో డి నోబిలి, కొత్త విశ్వాసులు జంధ్యం, పిలక, గంధం ఉంచుకోవచ్చని, అవి మతచిహ్నాలు కావని వాదించాడు; తోటి మిషనరీలే ఎదురు తిరిగారు; చివరికి 1623లో పోపు పదిహేనవ గ్రెగరీ కొన్ని షరతులతో అనుమతించారు. ఇవాళ మన ఊళ్లలోనే ఒక మందిరంలో పాస్టరు గారు తాళిబొట్టు మీద ప్రార్థించి వరుడి చేతికి ఇస్తారు, మరో సంఘంలో తాళి తీసేస్తేనే ప్రభు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారంలో, పాల్గొననిస్తారు.

ఇంకో మాట. బయటి గుర్తు చూపించుకోగలగడం కూడా అందరికీ దక్కదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తరువాతి సవరణల ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే. అందుకే మా పేటలో కాగితం మీద ఒక మతం, మోకాళ్ల మీద ఒక మతం ఉన్న ఇళ్లున్నాయి. వాళ్లను వేషధారులనడానికి నాకు మనసొప్పదు.

పాత సంఘస్థుడు:

టీచరమ్మా, కట్నం మాట నిజం, తల వంచుకుంటున్నాను. జరీ అంచు మాట కూడా. కానీ "నా హృదయం దేవుడికి తెలుసు" అనే మాట కూడా ముసుగే కాగలదు. మా ఊరి మోతుబరి ఒకడు ఆ మాట తరచూ అనేవాడు. కూలి డబ్బులు మాత్రం వారాల తరబడి బాకీ పెట్టేవాడు. లోపల ఉన్నది బయటకు రాకపోతే ఉన్నట్టు ఎలా తెలుస్తుంది?

తాలూకా టీచరు:

బయటకు రావలసిందే అన్నగారూ, ఏది రావాలన్నదే నా పేచీ. లూకా మూడవ అధ్యాయంలో బాప్తిస్మం కోసం వచ్చినవాళ్లు "మేమేమి చేయాలి" అని యోహానును అడిగారు. ఆయన పెట్టిన షరతులన్నీ బయటికి కనిపించేవే: రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలి, సుంకరులు నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చేయకూడదు, సైనికులు ఎవరినీ బెదిరించకుండా తమ జీతంతో తృప్తిపడాలి. కమ్మల ఊసే లేదు. సుంకరుల పెద్ద జక్కయ్య కూడా ఆస్తిలో సగం బీదలకు ఇస్తానని, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానని అందరి ముందు నిలబడి చెప్పాడు. మీ మోతుబరికి బాప్తిస్మమిచ్చిన రోజున పెద్దలు కూలి బాకీల చిట్టా అడిగి ఉంటే, ఆ నియమాన్ని నేనే గోడకు రాయించేదాన్ని.

గోదావరి గట్టు:

టీచరు గారు రాసింది మా అమ్మాయికి చదివి వినిపించాను. శనివారం పెద్దల దగ్గరికి తానే వెళ్లి, సోమవారం మళ్లీ పెట్టుకుంటానని ముందే చెప్పేసింది. ఒక పెద్దాయన చాలాసేపు మౌనంగా ఉండి, "ఇంతవరకూ ఎవరూ ఇలా చెప్పలేదమ్మా" అన్నారట. బాప్తిస్మం తేదీ వచ్చే నెలకు వాయిదా పడింది. ఈలోగా ఆదివారం బైబిలు తరగతిలో లూకా మూడవ అధ్యాయం తీయమని అడిగాను. చూద్దామన్నారు.