ఏడాదంతా తుమ్ములు: పరుపు కవర్లు కొనాలా, దండగా?

కృష్ణలంక_నాన్న: మావాడికి ఆరేళ్లు. కాలంతో పని లేకుండా తుమ్ములు, ముక్కు దిబ్బడ. స్కిన్ టెస్ట్‌లో డస్ట్ మైట్ (ఇంటి దుమ్ములో, పరుపుల్లో ఉండే కంటికి ఆనని పురుగు) అలర్జీ అన్నారు. మైట్లు దాటలేని పరుపు కవర్లు, దిండు గలేబులు కొనమంటున్నారు. రేటు చూస్తే గుండె ఆగింది. పనిచేస్తాయా?

మొండి_ఫార్మసిస్ట్: పనిచేయవండీ. 2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో నెదర్లాండ్స్ ట్రయల్ వచ్చింది. మైట్ అలర్జీ ఉన్న 279 మందిలో కొందరికి అసలు కవర్లు, మిగతావాళ్లకి ఉత్తుత్తి కవర్లు. ఎవరికి ఏవి దక్కాయో వాళ్లకే తెలీదు. ఏడాది తర్వాత అసలు కవర్లున్న పరుపుల్లో అలర్జెన్, అంటే అలర్జీ తెప్పించే మైట్ పదార్థం, బాగా తగ్గింది. ముక్కుల్లో మాత్రం తేడా లేదు.

పద్మ_గుంటూరు: నాకు నెల తిరక్కుండానే రాత్రుళ్లు నోటితో ఊపిరి తీసుకోవడం ఆగింది. చలిదేశం వాళ్ల పరుపులు చూసి మన సంగతి తేలుస్తారా? ఇక్కడ కూలర్ తేమకి, వానాకాలం ఆరని దుప్పట్లకి లెక్క వేరు.

మొండి_ఫార్మసిస్ట్: నెదర్లాండ్స్‌లోనూ తేమే. మైట్లకి కొదవేం లేదు. కవర్లు వేసినప్పుడే ఇంకేమైనా మార్చారా?

పద్మ_గుంటూరు: ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే ముందునుంచీ ఉంది. నాజిల్‌ని ముక్కు మధ్య గోడకి కాకుండా చెవి వైపు తిప్పి కొట్టమని డాక్టరమ్మ అప్పుడే చూపించింది. అయితే?

మొండి_ఫార్మసిస్ట్: అయితే ఏముంది, క్రెడిట్ స్ప్రేది!

ఎండలో_పరుపు: డాబా మీద ఎండేస్తే సరిపోదా బాబూ?

పద్మ_గుంటూరు: అంటే నాది భ్రమ. మా ఇంట్లోనూ ఇదే పాట. తుమ్మితే చాలు, "పని ఎగ్గొట్టడానికి నాటకం" అనేవాళ్లు. మీరు దానికి ప్లేసిబో (ఉత్తుత్తి మందు) అని పేరు పెట్టారు, అంతేగా?

మూర్తి_మామ: తిట్టుకోకండి. ఆ ట్రయల్‌లో రెండు గుంపులకీ పడగ్గది జాగ్రత్తలు చెప్పారు. తేలిందల్లా వాటిపైన కవర్లు కలిపితే అదనంగా ఒరిగిందేం లేదని. అన్నీ కలిపి చేస్తే ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. మైట్లకి ఒళ్లు మెల్లగా అలవాటు పడేలా నాలుక కింద పెట్టుకునే మాత్ర సంగతీ చూడండి. 2016 నాటి ఉత్తర అమెరికా ట్రయల్‌లో 1482 మంది ఉంటే, ముక్కు బాధలూ వాడిన మందులూ కలిపి వేసిన స్కోరు ప్లేసిబో కన్నా తగ్గింది 17 శాతం. మరుసటి ఏడు అమెరికాలో అనుమతి వచ్చింది.

పద్మ_గుంటూరు: 17 శాతమైతే మందా? నా నిద్ర మాత్రం భ్రమా?

మొండి_ఫార్మసిస్ట్: భ్రమ అన్న మాట నేను వాడలేదు. మీకు తగ్గింది, ఒప్పుకుంటా. ఎందుకు తగ్గిందన్నదే నా పేచీ. మా నాన్నకి ఒక క్లినిక్‌వాళ్లు కవర్లు, గాలి శుద్ధి మెషీన్ ప్యాకేజీగా అంటగట్టి, స్టెరాయిడ్ ఒంటికి చేటని స్ప్రే మాన్పించారు. ముక్కు మూసుకుపోయి ఏడాదంతా కూర్చునే నిద్రపోయారు. పని చేసే మందు మాని గుడ్డలు కొన్నాం. నా మంట అక్కడ.

పద్మ_గుంటూరు: స్ప్రే మానమని నేనెక్కడన్నాను? మీ కోపం ఆ క్లినిక్ మీద, తిట్లు నాకు. నా కవర్లు నేను తీయను.

మొండి_ఫార్మసిస్ట్: తీయొద్దు. పక్కవాళ్లని కొనమనకండి, చాలు.

పద్మ_గుంటూరు: అడిగితే చెప్తాను. మీరెవరు ఆపడానికి?

కృష్ణలంక_నాన్న: ఆరేళ్ల పిల్లాడికి స్టెరాయిడ్ స్ప్రే ఇవ్వొచ్చా?

మొండి_ఫార్మసిస్ట్: ఆ వయసు వాళ్లకి ఇచ్చేవి ఉన్నాయి. మోతాదు పిల్లల డాక్టరే చెప్పాలి. ఎదుగుదల మందగించట్లేదని చూసుకోడానికి వాడినన్నాళ్లూ ఎత్తు కొలిపిస్తూ ఉండండి.