మే నెల యాత్ర: ఇబార్ లోయకు బస్సు, ఎవరి పని ఏమిటి?

ప్రయాణం చూస్తున్నవారు: బెల్‌గ్రేడ్ నుంచి శనివారం ఉదయం 6 గంటలకు బయలుదేరుదాం. క్రాల్యెవో పట్టణం దాటాక దారి ఇబార్ నదిని అంటిపెట్టుకుని మలుపులు తిరుగుతూ పోతుంది. అందుకే మాగ్లిచ్ కోట, స్టుడెనిత్సా మఠం, ఈ రెండే. జీచా మఠం కూడా చూడాలన్నవారు ఈసారికి మన్నించాలి.

చరిత్ర చెప్పేవారు: బస్సులో తేదీల చిట్టా చదవను, ఒక అన్నదమ్ముల తగాదా చెబుతాను. మధ్యయుగంలో ఈ లోయ ఇబార్ అనే జూపా, అంటే ఒక జిల్లా. సాగునేల నదుల వెంటే ఉండడంతో సెర్బియా జూపాలు చాలావరకు లోయల్లోనే ఏర్పడ్డాయి. నలుగురు అన్నదమ్ముల్లో చిన్నవాడైన స్టెఫాన్ నెమాన్యా వంతుకు ఇబార్, టోప్లిత్సా, రసీనా వంటి జూపాలు వచ్చాయి. పెద్దన్న తిహోమిర్ మహాజూపాన్, అంటే అందరికీ పైవాడు. తమను అడగకుండా గుళ్లు కట్టిస్తున్నాడని అన్నలు నెమాన్యాను బంధించారు. ఇది అతని కొడుకు రాసిన జీవితచరిత్రలోని మాట కనుక తండ్రి వైపు మొగ్గు ఉండే ఉంటుంది. నా అనుమానం, అసలు గొడవ గుడికన్నా గద్దెది. నెమాన్యా బయటపడి 1166 ప్రాంతంలో అధికారం చేజిక్కించుకున్నాడు. తర్వాత పాంటినో యుద్ధంలో ఓడిన తిహోమిర్ సిట్నిత్సా నదిలో మునిగి చనిపోయాడు. ఆ నది కలిసేది ఇబార్‌లోనే.

భోజనాలు చూస్తున్నవారు: కథ బాగుంది అన్నయ్యా, మరి పిల్లలు కోట ఎక్కగలరా? పులిహోర, దద్దోజనం నేను చేస్తాను. పెరుగు పులవకుండా ఐసు పెట్టె ఎవరైనా తేవాలి.

చరిత్ర చెప్పేవారు: ఎక్కగలరమ్మా, నదికి సుమారు వంద మీటర్ల ఎత్తు. మాగ్లిచ్ నెమాన్యా కాలానిది కాదు, 13వ శతాబ్దిది. పొద్దున్నే ఎక్కేద్దాం, ఎండ ముదిరితే కష్టం. మిగిలిన సమయమంతా స్టుడెనిత్సాకే. అది నెమాన్యా కట్టించినది. అతని సమాధీ అక్కడే. తెల్లని పాలరాతి గుడి లోపల, క్రీస్తును శిలువ వేసిన దృశ్యం ఉన్న 1208-09 నాటి గోడచిత్రంలో, నేపథ్యంలోని నీలిరంగు దగ్గర కాసేపు నిలబడండి. మూడో మఠానికి పరుగెత్తడం నాకు ఇష్టం లేనిది ఇందుకే.

ప్రయాణం చూస్తున్నవారు: భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. గుడిలో ఫోటోలకు ముందు అడగండి. పేర్లు గురువారంలోగా ఇవ్వాలి. ఐసు పెట్టె నేను తెస్తాను అక్కా, మందుల డబ్బాకు ఇంకా ఎవరూ ముందుకు రాలేదు.